పైథియాలో రిడ్జ్ ఎందుకు రావట్లేదు? అసలు వేరే ఈవెంట్ల కణాలతో ఎందుకు జత కట్టాల?

పెన్నమ్మ_ఒడ్డు (ప్రొద్దుటూరు) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను కడపలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతున్నా. ప్రాజెక్టుకు ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్లలో రెండు కణాల కోరిలేషన్ (వాటి దిక్కుల మధ్య సంబంధం ఉందా అని చూడడం) తీసుకున్నా. మా గైడ్ గారిది సాలిడ్ స్టేట్. "నాకూ ఇది కొత్తే, నువ్వు చదివి చెప్పు, ఇద్దరం నేర్చుకుందాం" అన్నారు. ఆయనకు సరిగ్గా చెప్పాలంటే ముందు నాకు అర్థం కావాల కదా, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

చేసిన పని ఇది. లాప్‌టాప్‌లో పైథియా 8 (కొలిజన్లను కంప్యూటర్‌లో అనుకరించే ప్రోగ్రాం) పెట్టుకుని 7 టీఈవీ శక్తి దగ్గర ఈవెంట్లు జనరేట్ చేశా, ఒక్కో కొలిజన్ ఒక ఈవెంట్. ఈటా (కణం బీమ్‌తో చేసే కోణాన్ని చెప్పే అంకె) మైనస్ 2.4 నుంచి ప్లస్ 2.4 లోపల, పీటీ (బీమ్‌కు అడ్డదిశలో ఉండే మొమెంటం) 1 నుంచి 3 జీఈవీ మధ్య ఉన్న చార్జ్ ఉన్న కణాలను మాత్రమే తీసుకున్నా. ఒక్కో ఈవెంట్‌లో ప్రతి జతకూ డెల్టా ఈటా (రెండింటి ఈటాల తేడా), డెల్టా ఫై (బీమ్ చుట్టూ కొలిచే కోణం ఫైలో తేడా) లెక్కగట్టి రెండు డైమెన్షన్ల హిస్టోగ్రామ్‌లో నింపా.

వచ్చిన ప్లాట్ ఇట్లా ఉంది. డెల్టా ఈటా సున్నా దగ్గర బాగా ఎత్తు. అక్కడి నుంచి రెండు పక్కలకూ గీత గీసినట్టు దిగిపోయి 4.8 దగ్గర సున్నా అయిపోతాంది. దాని మీద, రెండు డెల్టాలూ సున్నా అయిన చోట, సన్నటి శిఖరం ఒకటి. డెల్టా ఫై 180 డిగ్రీల దగ్గర అడ్డంగా పొడుగ్గా ఒక ఉబ్బు.

సీఎంఎస్ (సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీ యంత్రం మీద ఒక ప్రయోగం) వాళ్ల పేపర్‌లో మాత్రం ఆ వాలు లేదు. మొత్తం చదునుగా చేసి చూపించినారు. దానికి వేరే వేరే ఈవెంట్ల కణాలను జతకట్టి భాగించాలని రాసినారు. ఒకదానితో ఒకటి సంబంధమే లేని రెండు కొలిజన్ల కణాలను జత చేస్తే ఏం తెలుస్తుంది? ఇది నా మొదటి అనుమానం. రెండోది, 180 డిగ్రీల దగ్గర పొడుగ్గా ఉన్న ఉబ్బును ఎవరూ పట్టించుకోలేదు, సున్నా డిగ్రీల దగ్గర పొడుగ్గా వచ్చిన రిడ్జ్‌ను (గట్టును) చూసి మాత్రం అందరూ అంత ఆశ్చర్యపోయినారు, ఎందుకని? మూడోది, నా ప్లాట్‌లో ఆ రిడ్జ్ ఎంత వెతికినా లేదు. కోడ్‌లో ఏమన్నా ఉందా, పైథియాలోనే లేదా?

తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి.

తడకలేటి_గట్టు (అనంతపురం):

అమ్మా, నీ ప్రశ్న చదివితే ప్రాణం లేచొచ్చింది. నేను పీహెచ్‌డీలో ఈ పనే చేసినా, ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ పిల్లోళ్లకు చెప్తాండా. ఈ వైపు నుంచి ఒకరు ఈటా, ఫై అని అడగడం చూసి శానా కాలమైంది. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

ఆ వాలుతో మొదలుపెడదాం. అది ప్రోటాన్లు చేసింది కాదు, నువ్వు పెట్టుకున్న హద్దు చేసింది. డెల్టా ఈటా 4.8 రావాలంటే ఒక కణం సరిగ్గా ఈ చివర, రెండోది సరిగ్గా ఆ చివర ఉండాల. అట్లాంటి జతలు యాడ దొరుకుతాయి? అదే డెల్టా ఈటా సున్నా రావాలంటే రెండూ పక్కపక్కన ఎక్కడున్నా సరిపోతాది. కాబట్టి కణాల మధ్య ఏ సంబంధమూ లేకపోయినా ఈ త్రికోణం వచ్చి తీరుతాది. కాగితం మీద గీసి చూసుకో. ఈటాలో కణాలు సమానంగా పరుచుకుని ఉంటే సరిగ్గా నువ్వు చెప్పిన తిన్నని గీతే వస్తుంది.

ఇప్పుడు మిక్సింగ్ ఎందుకో చూడు. కోరిలేషన్ అంటే ఎంతసేపటికీ పోలికే. "ఈ జతలు ఎక్కువున్నాయి" అంటే, దేనికన్నా ఎక్కువ? సంబంధం లేకపోతే ఎన్ని ఉండేవో దానికన్నా. ఆ "సంబంధం లేకపోతే" అనేదాన్ని ఊహించి రాసుకుంటే కుదరదు, కొలవాల. ఒక కణాన్ని ఒక ఈవెంట్ నుంచి, రెండోదాన్ని ఇంకో ఈవెంట్ నుంచి తీసుకుంటే వాటి మధ్య భౌతికంగా ఏ సంబంధమూ ఉండే వీలు లేదు. కానీ హద్దులు అవే, డిటెక్టర్ అదే, ఈటా పంపిణీ అదే. అంటే సంబంధం తప్ప మిగిలినవన్నీ అట్లే ఉండే జతలు నీ చేతికొచ్చినాయి. మొదటి హిస్టోగ్రామ్‌ను రెండోదానితో భాగిస్తే ఉమ్మడిగా ఉన్నవన్నీ కొట్టుకుపోయి సంబంధం ఒక్కటే మిగులుతుంది. నిజం డేటాలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. డిటెక్టర్‌లో ఒక ముక్క పనిచేయకపోతే ఫైలో ఆ మేరకు గుంత పడుతుంది. ఆ గుంత పైనా ఉంటాది, కిందా ఉంటాది, భాగిస్తే పోతాది. పైథియాలో డిటెక్టర్ లేదు కాబట్టి నీకు త్రికోణం ఒక్కటే బాధ.

కానీ ఏ ఈవెంట్‌ను పడితే ఆ ఈవెంట్‌తో కలపొద్దు. 120 కణాలున్న ఈవెంట్‌ను 15 కణాలున్న దానితో కలిపితే రెండింటి ఈటా పంపిణీలు ఒకటి కావు, భాగించినాక లేని వాలు పుట్టుకొస్తుంది. కణాల సంఖ్యను బట్టి గుంపులు చేసుకుని, ఒక గుంపులోవి ఆ గుంపులోనే కలుపు. నిజం డేటాలో కొలిజన్ జరిగిన చోటు కూడా దగ్గరదగ్గరగా ఉండేటట్టు చూసుకోవాల.

తర్వాత 180 డిగ్రీల ఉబ్బు. ఇది బాగా ఆలోచించి అడిగినావు. ప్రోటాన్ల లోపలి రెండు క్వార్కులో, వాటిని అతికించి ఉంచే గ్లూఆన్లో గట్టిగా గుద్దుకుంటే అడ్డదిశలో మొమెంటం సరితూగాల కాబట్టి ఒకటి ఇటు పోతే ఒకటి దానికి ఎదురు పోతుంది. అందుకే ఫైలో 180 డిగ్రీలు. మరి ఈటాలో ఎందుకు పొడుగు? ప్రోటాన్ లోపల ఒక్కో క్వార్కు మోసుకొచ్చే మొమెంటం వాటా ఒక్కో సారి ఒక్కో రకంగా ఉంటాది. ఆ రెండు వాటాలూ సమానం కానప్పుడు మొత్తం వ్యవస్థే బీమ్ పొడవునా ఒక పక్కకు జరుగుతుంది. దాంతో ఎదుటి జెట్ (ఒకే దిక్కుకు గుంపుగా దూసుకుపోయే కణాలు) ఈటాలో యాడన్నా పడొచ్చు. అన్ని ఈవెంట్లూ కూడితే పొడుగాటి ఉబ్బు అవుతుంది. ఇది ఎప్పటి నుంచో తెలిసిన భౌతికశాస్త్రమే, పైథియాలో ఉండాది, అందుకే నీ ప్లాట్‌లోనూ వచ్చింది.

సున్నా-సున్నా దగ్గరి శిఖరం కూడా అంతే. ఒకే జెట్‌లోని కణాలు, ఒకే రెజొనెన్స్ (పుట్టిన వెంటనే విరిగిపోయే కణం) విరిగితే వచ్చినవి, పక్కపక్కనే పోతాయి.

ఇక రిడ్జ్. 2010 సెప్టెంబర్ 21న సీఎంఎస్ వాళ్లు సెర్న్‌లో చూపించినారు. 7 టీఈవీ ప్రోటాన్ కొలిజన్లలో 110 కన్నా ఎక్కువ కణాలు వచ్చిన అరుదైన ఈవెంట్లను ఏరి, 1 నుంచి 3 జీఈవీ కణాల జతలు చూస్తే, డెల్టా ఈటా 2 నుంచి 4.8 వరకూ, డెల్టా ఫై సున్నా దగ్గర, సన్నగా ఒక గట్టు. అంటే ఈటాలో అంత దూరంగా ఉన్న రెండు కణాలు ఫైలో మాత్రం ఒకే దిక్కుకు మొగ్గు చూపుతాండాయి. ఒకే జెట్ అందామంటే జెట్ అంత వెడల్పుండదు. ఎదురు జెట్ అందామంటే అది 180 డిగ్రీల దగ్గర ఉండాల. మరి వీటికి సంబంధం ఎట్ల కుదిరింది?

గుత్తి దగ్గర దిగిన ఇద్దరిలో ఒకరు కర్నూలు బస్సెక్కి, ఇంకొకరు తాడిపత్రి బస్సెక్కి, ఇద్దరూ ఊరికి పోయి ఒకే వార్త చెప్పినారనుకో. దారిలో ఒకరికొకరు చెప్పుకునే వీలు లేదు. ఆ వార్త గుత్తిలోనో, అంతకు ముందో ఇద్దరి చెవిలో పడి ఉండాల. ఈటాలో దూరంగా ఉన్న కణాలూ అంతే. వెలుగు వేగానికి దగ్గరగా ఎడమవుతున్నవి తర్వాత మాట్లాడుకోలేవు. వాటి మధ్య సంబంధం ఉందంటే అది కొలిజన్ జరిగిన మొదటి క్షణంలోనే పడింది. 10 పవర్ మైనస్ 23 సెకన్ల లెక్కలో ముగిసిపోయే సంఘటన అది. దాన్ని ఏ కెమెరా పట్టలేదు. చివరికి డిటెక్టర్‌కు తగిలిన కణాలను జతలు జతలుగా ఎంచుకుంటూ ఆ మొదటి క్షణానికి పోగలుగుతాండాం. ఇంతకన్నా గొప్ప సంగతి ఫిజిక్సులో నేను ఇంకోటి చూడలేదు.

నీ మూడో అనుమానానికి జవాబు: మామూలు సెట్టింగ్‌లలో పైథియా రిడ్జ్ ఇవ్వదు. సీఎంఎస్ వాళ్లు కూడా అప్పుడే పైథియాతో పోల్చి, అందులో లేదని చూపించినారు. నీ కోడ్ మీద అప్పుడే అనుమానం పెట్టుకోవద్దు.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు):

తడకలేటి సార్, నమస్తే. నేను కర్నూలులో హైస్కూలు సైన్సు టీచరుగా చేసి రిటైరైనాను. మీ గుత్తి మాట నాకు బాగా అర్థమైంది. కానీ ఒక అనుమానం ఎప్పటి నుంచో ఉంది. భారీ కేంద్రకాలు ఢీకొన్నప్పుడు లక్షల కోట్ల డిగ్రీల వేడి పుడుతుంది, అక్కడ ద్రవం ఏర్పడుతుంది అని పేపర్లలో చదివినాను. వేడెక్కితే ద్రవం ఆవిరి అవుతుందని నేనే ముప్పై బ్యాచ్‌లకు పైగా చెప్పినా. అంత వేడిలో ద్రవం ఏంది సార్? అది ద్రవమని రెండు కణాల జతలు చూసి ఎట్ల చెప్తారు?

తడకలేటి_గట్టు:

సార్, మీరు అడిగినదే 2005లో ప్రపంచమంతా అడిగింది. అమెరికాలో బ్రూక్‌హేవెన్‌లో రిక్ అనే యంత్రం ఉంది, 3.8 కిలోమీటర్ల చుట్టు. అందులో 2000 నుంచి బంగారు కేంద్రకాలను ఢీకొట్టినారు. క్వార్కులు, గ్లూఆన్లు విడివిడిగా తిరిగే వాయువు లాంటిది వస్తుందని చాలామంది ఎదురుచూసినారు. నాలుగు ప్రయోగాల వాళ్లూ 2005లో డేటా ముందు పెట్టి, ఇది దాదాపు ఘర్షణ లేని ద్రవం లాగ నడుస్తోందని చెప్పినారు.

వేడి సంగతి అట్ల పక్కన పెట్టండి సార్. ద్రవమా, వాయువా అని ఇక్కడ అడుగుతున్నది ఒక కణం పక్కదానికి తగలకుండా ఎంత దూరం పోగలదు అని. చాలా దూరం పోగలిగితే అన్నీ ఎవరి దారిన వాళ్లు పోతాయి. అడుగడుగునా తగులుతూ ఉంటే అన్నీ కలిసి ఒక ప్రవాహమై కదులుతాయి. సూర్యుడి నడిబొడ్డున ఉండేది 1.5 కోట్ల డిగ్రీలు. ప్రోటాన్లు కరిగి క్వార్కులు బయటపడేది దాదాపు 1.8 లక్షల కోట్ల డిగ్రీల దగ్గర. అక్కడ వేడితో పాటు సాంద్రత, బలమైన బలం రెండూ ఎంతున్నాయంటే కణం తగలకుండా పోయే దూరం దాదాపు మిగలదు.

మరి జతలు చూసి ఎట్ల తెలిసింది? రెండు కేంద్రకాలు నేరుగా కాకుండా కొంచెం పక్కకు గుద్దుకున్నాయనుకోండి. కలిసిన భాగం గుండ్రంగా ఉండదు, దీర్ఘవృత్తంగా ఉంటాది. వాయువైతే కణాలు అన్ని దిక్కులకూ సమానంగా పోతాయి, ఆ ఆకారం వాటికి తెలియదు. ప్రవాహమైతే సన్నగా ఉన్న దిక్కున ఒత్తిడి తగ్గుదల తీవ్రంగా ఉంటాది కాబట్టి ఆ దిక్కుకు కణాలు ఎక్కువ తోసుకుని వస్తాయి. ఆకారంలోని తేడా మొమెంటంలోకి దిగుతుంది. ఈ మొగ్గును వీ2 అంటారు. సీసం కేంద్రకాల్లో ఇది దాదాపు 0.1 వరకూ పోతుంది. ద్రవాల సమీకరణాలు పెట్టి లెక్క కడితే, జిగట దాదాపు సున్నా అనుకుంటేనే అంత మొగ్గు వస్తోంది.

ఇందులో నాకు చాలా ఇష్టమైన మలుపు 2010లో వచ్చింది. అంతవరకూ అందరూ కేంద్రకాన్ని నున్నటి బంతిగా అనుకునేవాళ్లు. బంగారు కొలిజన్లలో డెల్టా ఫై సున్నా దగ్గర రిడ్జ్, 120 డిగ్రీల చుట్టుపక్కల జంట ఉబ్బులు కనబడితే, శబ్దవేగాన్ని మించిన జెట్ ద్రవంలో లేపిన అల అని కూడా కొందరు వివరించినారు. ఆల్వర్, రోలాండ్ అనే ఇద్దరు ఒక చిన్న మాట గుర్తుచేసినారు. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఏ క్షణాన ఏ చోట ఉంటాయో చెప్పలేం. కాబట్టి కలిసిన భాగం ఒక్కోసారి త్రికోణంగా కూడా ఉంటుంది. ఆ త్రికోణమూ ప్రవాహంలోకి దిగుతుంది, అదే వీ3. వీ2, వీ3 రెండూ కలిపితే రిడ్జ్ వచ్చింది, జంట ఉబ్బులూ వచ్చినాయి, వేరే కథ అవసరం పడలేదు.

కాబట్టి సీసంలోనో బంగారంలోనో రిడ్జ్ వస్తే ఎవరికీ వింత కాదు. మన ప్రొద్దుటూరు అమ్మాయి చూస్తున్నది ప్రోటాన్. సీసం కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 208 న్యూక్లియాన్లున్నాయి, ఇక్కడ పక్కకు ఒక్కటే. అంత చిన్న చోట ద్రవం ఎట్ల పుడుతుంది, పుట్టిందా లేదా అన్నది అసలు తగాదా.

గండికోట_గాలి (జమ్మలమడుగు, ఇప్పుడు బయట):

సార్లిద్దరికీ నమస్కారం. నాది జమ్మలమడుగు, హెవీ అయాన్ ప్రయోగంలో రీసెర్చ్ చేస్తున్నాను. పెన్నమ్మ ఒడ్డు గారూ, మీ ప్రాజెక్టుకు పనికొచ్చే ఒక లెక్క చెప్తాను.

ప్రోటాన్ కొలిజన్లలో వీ2 సుమారు 0.06 అనుకోండి. జతల పంపిణీలో దాని ప్రభావం 2 ఇంటూ వీ2 స్క్వేర్, అంటే 0.0072. ఒక శాతం కూడా కాదు. ఒక బిన్‌లో లక్ష జతలుంటే స్టాటిస్టికల్ ఎర్రర్ 0.3 శాతం. మీరు వెతుకుతున్నది 0.7 శాతం. 110 కణాలున్న ఈవెంట్ 5,995 జతలిస్తుంది, కానీ అట్లాంటి ఈవెంట్లు చాలా అరుదు, పైగా పీటీ 1 నుంచి 3 అని కట్ పెడితే అందులోనూ కొన్నే మిగులుతాయి. సీఎంఎస్ వాళ్లు అధిక కణాల ఈవెంట్లకు ప్రత్యేకంగా ట్రిగర్ (ఏ ఈవెంట్‌ను దాచుకోవాలో అప్పటికప్పుడు ఎంచే ఏర్పాటు) పెట్టుకున్నది అందుకే. మీ ప్లాట్‌లో రిడ్జ్ లేదు అనే ముందు, ఉంటే కనబడేంత డేటా ఉందా అని చూసుకోండి.

రెండోది నాన్-ఫ్లో. జెట్లు, రెజొనెన్స్‌లు ఇచ్చే సంబంధాన్ని అట్లా పిలుస్తాం. ఈవెంట్‌లో 100 కణాలుంటే నాన్-ఫ్లో జతల మీద చూపే ప్రభావం 100లో ఒక వంతు, అంటే 0.01 స్థాయి. వీ2 స్క్వేర్ 0.0036. మనకు కావాల్సిన దానికన్నా చెత్తే ఎక్కువ! డెల్టా ఈటా 2 దాటాలని పట్టుబట్టేది దీనికోసమే. ఇంకా గట్టి దారి ఉంది. రెండుకు బదులు నాలుగు కణాలను ఒకేసారి తీసుకుని, అందులోంచి జతల సంబంధాన్ని తీసేయడం. నాలుగింటి మీద నాన్-ఫ్లో 100 ఘనంలో ఒక వంతు, 0.000001. వీ2 నాలుగో ఘాతం 0.000013. ఇప్పుడు మనది పదమూడు రెట్లు పైన ఉంది. కచ్చితమైన అంకెలు కావు గానీ దారి ఎందుకు పనిచేస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. ప్రోటాన్-సీసం కొలిజన్లలో 2015లో, ఆ తర్వాత ప్రోటాన్-ప్రోటాన్‌లోనూ సీఎంఎస్ ఈ పద్ధతిలో నాలుగు, ఆరు కణాలకు కూడా సంబంధం చూపింది. అంటే ఇది రెండు మూడు కణాల ముచ్చట కాదు, ఈవెంట్ అంతా పాల్గొంటోంది.

తడకలేటి సార్ తగాదా అన్నారు, అది ఎంత ముదిరిందో చెప్తాను. ప్రోటాన్-సీసంలో 2012లో రిడ్జ్ దొరికింది. సీఎంఎస్ ముందు చూపింది. ఏడాది తిరగకముందే ఎల్‌హెచ్‌సీలోనే ఉన్న ఆలిస్, అట్లాస్ ప్రయోగాల వాళ్లు 180 డిగ్రీల వైపు కూడా జెట్ భాగం తీసేస్తే దానికి జోడు రిడ్జ్ ఉందని చూపించారు. 2017లో ఆలిస్ ఇంకోటి చూపింది. ప్రోటాన్-ప్రోటాన్‌లో కణాల సంఖ్య పెరిగేకొద్దీ స్ట్రేంజ్ అనే రకం క్వార్కులున్న కణాల వాటా సీసం కొలిజన్లలో ఉండే స్థాయి వైపు అంచెలంచెలుగా పోతోంది. ఇవన్నీ ద్రవం వైపు చెప్పే సాక్ష్యాలు.

ఎదురు సాక్ష్యం జెట్లది. 2003లో రిక్‌లో స్టార్ ప్రయోగం చూసింది ఇది. బంగారు కేంద్రకాలు నేరుగా గుద్దుకున్నప్పుడు 180 డిగ్రీల దగ్గర ఉండాల్సిన ఎదురు జెట్ శిఖరం మాయమైంది. మధ్యలో ఉన్న పదార్థం మింగేసింది. డ్యూటెరాన్ (ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ ఉన్న కేంద్రకం)-బంగారంలో మాత్రం అది అట్లాగే ఉంది. ప్రోటాన్-సీసంలోనూ జెట్లు శక్తి కోల్పోయిన జాడ తేలలేదు. ద్రవం ఉంటే ప్రవాహమూ రావాలి, జెట్లూ శక్తి కోల్పోవాలి. ఒకటి వచ్చి ఇంకోటి రాకపోతే ఏమనుకోవాలి? చోటు చిన్నది కాబట్టి జెట్ తప్పించుకుపోయింది అనేవాళ్లున్నారు. ద్రవమే లేదు, గ్లూఆన్లు కిక్కిరిసి ఉన్న ప్రోటాన్ మొదటి స్థితిలోనే ఆ సంబంధం ఉంది అనేవాళ్లూ ఉన్నారు.

దాన్ని తేల్చడానికి రిక్‌లోని ఇంకో ప్రయోగం ఫీనిక్స్ వాళ్లు ప్రోటాన్, డ్యూటెరాన్, హీలియం-3 మూడింటినీ బంగారంతో ఢీకొట్టారు. మొదటి ఆకారం ఒకటి, రెండు, మూడు ముద్దలుగా మారుతుంది, వీ2, వీ3 ఆ ఆకారాన్ని అనుసరించాలి. అనుసరించాయని వాళ్ల ఫలితం. స్టార్ వాళ్లు కొలిస్తే వీ3 మూడింటిలోనూ దాదాపు ఒకేలా వచ్చింది. రెండు ప్రయోగాలు వేరే వేరే ఈటా ప్రాంతాల్లో కొలిచాయి కాబట్టి దాని మీద ఇంకా చర్చ నడుస్తోంది. 2025 జూలైలో ఎల్‌హెచ్‌సీలో ఆక్సిజన్-ఆక్సిజన్ కూడా ఢీకొట్టారు. ప్రోటాన్‌కూ సీసానికీ మధ్య ఉన్న ఖాళీని నింపడానికి ఇది మంచి దారి. 16 న్యూక్లియాన్లతో జెట్ శక్తి కోల్పోవడం మొదలవుతుందా అన్నది నేను ఆసక్తిగా చూస్తున్న సంగతి.

చివరగా ఒకటి. ముందుకు చదవాలనుంటే దూరం పోనవసరం లేదు. తిరుపతి ఐసర్ స్టార్ ప్రయోగంలో ఉంది. ఆలిస్‌లో ఇంతకు ముందు ఫోటాన్లను లెక్కపెట్టిన పీఎండీ డిటెక్టర్ మన దేశం కట్టిందే, కోల్‌కతా, భువనేశ్వర్, జమ్ము, జైపూర్, చండీగఢ్‌ల వాళ్లు కలిసి. సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ అసలు డేటా ఎవరైనా దింపుకోవచ్చు.

కొండారెడ్డి_బురుజు:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. తగలకుండా ఎంత దూరం పోగలదు అనే మాటతో నా ముడి వీడింది. ఇంకొక్క ప్రశ్న. సత్యేంద్రనాథ్ బోస్ పేరుతో కూడా ఒక కోరిలేషన్ ఉందని విన్నాను, అది ఇదేనా, వేరేదా?

తడకలేటి_గట్టు:

వేరేది సార్, కానీ పుట్టిల్లు చాలా దూరం కాదు. పయాన్లు అనే కణాలు బోసాన్లు (బోస్ గణాంకాలు పాటించేవి) కాబట్టి ఒకే రకమైన రెండు పయాన్లు దాదాపు ఒకే మొమెంటంతో బయటపడటానికి ఇష్టపడతాయి. ఎంత దగ్గర మొమెంటం వరకు ఆ ఇష్టం ఉందో కొలిస్తే, అవి పుట్టిన చోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ప్రోటాన్ కొలిజన్లలో దాదాపు ఒక ఫెర్మీ (10 పవర్ మైనస్ 15 మీటర్లు), సీసంలో దానికి చాలా రెట్లు. మొదట దీన్ని నక్షత్రాల మీద వాడినారు. హాన్‌బరీ బ్రౌన్, ట్విస్ 1956లో రెండు అద్దాలు పెట్టి సిరియస్ నక్షత్రం వెడల్పు కొలిచినారు. ఆ హాన్‌బరీ బ్రౌన్ పుట్టింది మన నీలగిరుల్లో, అరవంకాడులో. కణాల్లో ఇదే సంగతిని 1960లో గోల్డ్‌హేబర్ దంపతులు, లీ, పైస్ కలిసి వివరించినారు. ఈ ప్రభావం రెండు డెల్టాలూ సున్నా అయిన చోటే ఉంటాది, దూరంగా ఉండే రిడ్జ్‌తో దీనికి పని లేదు.

పెన్నమ్మ_ఒడ్డు:

తడకలేటి సార్, గండికోట అన్నా, ఇద్దరికీ ఎట్లా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మీరు చెప్పినట్టే కణాల సంఖ్యను బట్టి గుంపులు చేసి మిక్స్ చేశా. భాగించగానే ఆ వాలు పూర్తిగా పోయింది! మొత్తం చదునుగా వచ్చి, మధ్యలో శిఖరం, 180 దగ్గర పొడుగు ఉబ్బు మాత్రం నిలబడినాయి. మా గైడ్ గారికి చూపిస్తే కుర్చీ లాక్కుని కూర్చుని, త్రికోణం ఎందుకొచ్చిందో తనే బోర్డు మీద మళ్లీ గీసి చూసినారు.

డెల్టా ఈటా 2 పైన, సున్నా డిగ్రీల దగ్గర ఏమీ లేదు. పైథియాలో లేదని మీరు చెప్పినారు, నమ్ముతా. కానీ వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "నీ కోడే రిడ్జ్‌ను పట్టుకోలేకపోతోందేమో" అంటే ఏం చెప్పాల? ఉంటే పట్టుకునేదని ఎట్లా చూపించాల?

గండికోట_గాలి:

ఇది సరైన ప్రశ్న, కొలాబరేషన్‌లో కూడా మమ్మల్ని మొదట అడిగేది ఇదే. రెండు పనులు చేయండి. ఒకటి, పైథియాలోనే రోప్‌వాక్ సెట్టింగుల్లో షవింగ్ అని ఉంది, దాన్ని ఆన్ చేసి చూడండి. దగ్గరదగ్గరగా ఉన్న స్ట్రింగులు (క్వార్కుల మధ్య సాగే తాళ్ల లాంటివి) ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి అన్న ఊహ అది. ద్రవం అనే మాట లేకుండానే సున్నా డిగ్రీల దగ్గర రిడ్జ్ వస్తుంది. రిడ్జ్ కనబడితే ద్రవమే అని ఎందుకు తేల్చేయకూడదో మీ రిపోర్టులో ఒక అధ్యాయం దీని మీదే రాయొచ్చు. రన్ చాలా నిదానంగా సాగుతుంది, రాత్రిపూట పెట్టుకోండి. రెండో పని టాయ్ మాంటే కార్లో, అది తడకలేటి సార్ నాకన్నా బాగా చెప్తారు.

తడకలేటి_గట్టు:

చెప్తా. అమ్మా, పైథియాను కాసేపు పక్కన పెట్టు. నీకు నువ్వే ఈవెంట్లు తయారుచేసుకో. ఒక్కో ఈవెంట్‌లో 100 కణాలు. ఈటాను మైనస్ 2.4 నుంచి ప్లస్ 2.4 వరకు సమానంగా చల్లు. ఫైని మాత్రం 1 ప్లస్ 0.12 కాస్ 2 ఇంటూ (ఫై మైనస్ సై) అనే పంపిణీ నుంచి తీయి. సై అంటే ఆ ఈవెంట్‌లో ప్రవాహం మొగ్గే దిక్కు. 0.12 అంటే రెండు రెట్ల వీ2, వీ2 ఇక్కడ 0.06. జెట్లు లేవు, రెజొనెన్స్‌లు లేవు, నువ్వు పెట్టిన ప్రవాహం ఒక్కటే ఉండాది.

ఇప్పుడు ఈ ఈవెంట్లను, ఒక్క అక్షరం మార్చకుండా, పైథియాకు వాడిన అదే కోడ్‌లోకి పంపు. సున్నా దగ్గరా 180 దగ్గరా సమాన ఎత్తుతో రెండు రిడ్జ్‌లు, డెల్టా ఈటా ఎంతైనా తగ్గకుండా రావాల. కాస్ 2 డెల్టా ఫై సగటు 0.0036 రావాల. ఒక ఈవెంట్‌కు 4,950 జతలు కాబట్టి పదివేల ఈవెంట్లకు దాదాపు 5 కోట్ల జతలు, సగటులో ఎర్రర్ 0.0001 దగ్గర. అంటే పెట్టింది కచ్చితంగా కనబడాల. కనబడితే ఎగ్జామినర్ ముందు ఈ ప్లాట్, దాని పక్కన పైథియా ప్లాట్ పెట్టు. తర్వాత వీ2ను 0.03కు, 0.02కు దించుకుంటూ పో. నీ పైథియా ఈవెంట్ల సంఖ్యతో యాడ వరకు పట్టగలవో తెలుస్తుంది. "లేదు" అనే బదులు "ఇంతకన్నా ఎక్కువ లేదు" అని చెప్పగలుగుతావు, అది నిజమైన ఫలితం.

ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండు. సై అనేది ప్రతి ఈవెంట్‌కూ కొత్తగా, సున్నా నుంచి 360 డిగ్రీల మధ్య ర్యాండమ్‌గా తీయాల. అన్ని ఈవెంట్లకూ ఒకే సై పెట్టినావంటే, వేరే వేరే ఈవెంట్ల కణాలు కూడా ఒకే దిక్కుకు మొగ్గు చూపుతాయి, మిక్స్ చేసిన హిస్టోగ్రామ్‌లోనూ అదే అల వస్తుంది, భాగిస్తే నువ్వు పెట్టిన ప్రవాహమంతా పోయి ప్లాట్ చదునుగా నిలబడుతుంది. నిజం కొలిజన్లలో కేంద్రకాలు ఏ దిక్కుగా గుద్దుకుంటాయో ఒక ఈవెంట్‌కూ ఇంకో ఈవెంట్‌కూ పొంతన ఉండదు, మిక్సింగ్ పనిచేసేది దాని మీదే. ముందు ర్యాండమ్ సై తోనే చేసి ప్లాట్ ఇక్కడ పెట్టు, చూస్తాం.